మ్యూరెన్ మంచువాలున తొలి పందెములు: ఒక సంవాదము

మెదకు జిల్లా శంకరంపేటలో మంచు కురియదు. ఎండకాలమున ఎప్పుడైన గాలివానతో రాలెడి వడగండ్లే ఇచ్చటి బాలబాలికలు కన్న హిమము; అవియు చేతికి తీసికొని చూచునంతలో నీరగును. అట్టి ఊరి బడి ఆవరణములో వ్యాయామోపాధ్యాయుడొకడు వెదురుకఱ్ఱలను జంటలు జంటలుగా వంకరవరుసలో పాతి, ఒక జంటకు ఎఱ్ఱగుడ్డ పీలికలును, మఱియొక జంటకు నీలిగుడ్డ పీలికలును కట్టి, ఏ జంటను తప్పక, ప్రతిదాని నడుమనుండి దూరి, అందఱికంటె తక్కువ కాలములో చివరకు చేరవలెనని పిల్లలను పరుగెత్తించుచు, ఈ ఆట మంచుకొండమీద పుట్టినదనియు, దానికి నియమములు కట్టిన ఆర్నాల్డ్ లన్ అను నాంగ్లేయుడు 1888లో మన మద్రాసునందు జన్మించినవాడనియు వారికి చెప్పెను. ఈ సంగతి ఆ ఉపాధ్యాయుని మేనమామకు, అదే బడిలో చిరకాలము చరిత్ర బోధించి విశ్రాంతి గైకొనిన పెద్దకు, నచ్చలేదు. ఆ సాయంకాలము వారి యింటి అరుగుమీద ఇరువురికిని జరిగిన వాదమును నేను ఆద్యంతము వింటిని. నా మొగ్గు అల్లుని పక్షమునకే యని ముందుగ చెప్పుట న్యాయము. అయినను మామగారి ఆక్షేపణలలో ఒకటి రెండింటికి నేటికిని నాకు సరియైన సమాధానము దొరకలేదు గనుక ఈ సంవాదమును విన్నది విన్నట్లు వ్రాసి ఉంచుచున్నాను.

మామ: అల్లుడా, పిల్లలకు పరుగు నేర్పుము, కబడ్డీ నేర్పుము, ఖోఖో నేర్పుము, నేను కాదనను. కాని సీమదొరలు శీతకాలపు సెలవులలో కొండలకు పోయి జారిన జారుడును, దాని కర్త మద్రాసులో పుట్టినాడన్న మిషతో, మన పిల్లలకు సగర్వముగా చెప్పుట ఏమి చరిత్ర? ఆ పందెమునకు పెట్టిన పేరు చూడరాదా? 1911 జనవరి 7వ తేదీన స్విట్జర్లండులోని మాంటానాయందు జరిగిన పందెమునకు ‘రాబర్ట్స్ ఆఫ్ కాందహార్’ కప్పు అని పేరు. ఆ రాబర్ట్స్ ఎవడు? 1832లో కాన్పూరులో పుట్టి, 1880లో కాబూలునుండి కాందహారు దాక పదివేల సైన్యమును నడిపించి, అచ్చట ఆఫ్గనులను ఓడించి, ఆ ఊరి పేరునే బిరుదుగా ధరించిన సేనాని. పదుమూడేండ్ల తరువాత, 1924 జనవరిలో, ఆ దేశములోనే మ్యూరెన్ గ్రామమున లన్ స్థాపించిన సంఘమునకును కాందహార్ స్కీ క్లబ్బనియే పేరు పెట్టిరి. పరదేశపు ఊరిని జయించిన కీర్తిని ఆటబొమ్మకు తగిలించినవారి ఆటను మనమెందుకు తలకెత్తుకొనవలెను?

అల్లుడు: పేరు సంగతిలో మీ మాట కాదనను, మామా, దానిని సమర్థించుట నా తరము కాదు. కాని కప్పును పక్కనుంచి ఆనాటి పందెమును చూడుడు. పాల్గొన్నవారు పదిమంది. ముందటిరాత్రి వారు వైల్డ్‌స్ట్రూబెల్ అను కొండగుడిసెలో తలదాచుకొనిరి. అచ్చటికి ఎక్కించు యంత్రము లేదు, తమ కాళ్ళే వారికి వాహనము. తెల్లవారిన పిమ్మట అందఱును ఒక్కుమ్మడిగ బయలుదేరి, తొలుత ఎగువకెక్కి, ప్లేన్ మోర్ట్ అను విశాలమైన హిమానీనదమును అడ్డముగ దాటి, అటుపిమ్మట మాంటానా లోయకు దిగవలెను. మంచును చదునుచేసిన త్రోవ లేదు, త్రోవ చూపు జెండాలు లేవు. ఎచ్చట మంచు మెత్తగ నున్నదో, ఎచ్చట గాలికి గట్టిపడి అద్దమువలె నున్నదో, ఏ చెట్లగుంపును ఎటునుండి చుట్టి పోవలెనో, ఎవనికి వాడు ఆ క్షణమున నిర్ణయించుకొనవలెను. కాళ్ళకున్నవి కొయ్యపలకలు, మంచును కోసి పట్టు ఉక్కు అంచులు ఇంకను రాలేదు. సెసిల్ హాప్కిన్సన్ అనువాడు 61 నిమిషములలో చేరి గెలిచెను. నేడు డౌన్‌హిల్ అను కొండదిగుడు పందెమాడువాడు రెండు నిమిషములకు అటునిటుగా తన దిగుడును ముగించును; వానికి త్రోవ సిద్ధము, వల సిద్ధము, వైద్యుడు సిద్ధము. కొండ మొత్తమును చదివి, తన త్రోవను తానే వ్రాసికొనుచు గంటసేపు పోయినవాడు ఆనాటివాడు. ఈ పరీక్షలో సెలవులకు వచ్చిన విలాసమెచ్చట కనబడును?

మామ: సరే, సాహసమే యనుకొందము. కాని ఆ సాహసమునకును తొలి హక్కు వారిది కాదు. నార్వేజియనులకు స్కీ నడక అడవిలో వేటకును, పొరుగూరి సంతకును పోవు నడక. 1868లోనే టెలిమార్క్ రైతుబిడ్డ సోండ్రె నోర్హైమ్ రాజధానికి వచ్చి పందెమాడి అందఱిని నివ్వెఱపఱిచినాడు. కాలిఫోర్నియాలో బంగారు గనులవారు అంతకుముందే, 1860లలోనే, నిలువెత్తు రెండింతలున్న పలకలకు మైనపుపూత పూసి, వాలున సూటిగా జారుచు పందెములు కాసిరి. జెండాల నడుమ మలుపులు తిరుగు పందెమో, 1905 మార్చి 19న ఆస్ట్రియాలోని లిలియెన్‌ఫెల్డునందు మథియాస్ జ్దార్స్కీ పెట్టినాడు. 85 ద్వారములు, 24 మంది పందెగాండ్రు. నీ లన్ దొర 1922 జనవరిలో మ్యూరెన్‌లో అట్టి మలుపుల పందెమునే స్లాలం అను పేర పెట్టునప్పటికి ఇవన్నియు జరిగిపోయినవే గదా. ఇక ఆయన కనిపెట్టినదేమి?

ఈ ప్రశ్న వేసినపుడు మామగారి కంఠమున గెలిచినవాని తృప్తి కనబడినది. అల్లుడు కొంతసేపు మాటాడలేదు. ఆపైన చెప్పినది ఈ సంవాదమునకెల్ల కీలకమని నాకు తోచినది.

అల్లుడు: తొలిగౌరవము జ్దార్స్కీకి చెందవలసినదే, నోర్హైముకును, గనికూలీలకును చెందవలసినదే. లన్ చేసినది వేఱు. అంతకుముందు ఆంగ్లేయుల స్కీ పోటీలలో మలుపునకు మార్కులు వేసెడివారు. పందెగాడు కొండవాలున తిరుగుచుండగా క్రింద పెద్దమనుష్యులు నిలువబడి, వాని మోకాలు ఎట్లు వంగినది, భుజము ఎట్లు నిలిచినది, మలుపు పుస్తకములో చెప్పినట్లున్నదా యని చూచి, సౌందర్యమునకు అంకెలు వేసెడివారు. అట్టి పోటీలో ఎవనికి ఎక్కువ మార్కులు వచ్చును? తీర్పరి నేర్చిన బడిలోనే నేర్చినవానికి. లన్ ఈ పద్ధతిని త్రోసివేసెను. మలుపు ఉన్నది చూచువాని కన్నులకు కాదు. ఎదుట చెట్టున్నది, దానిని తప్పుకొని వేగము తగ్గకుండ పోవుటకు. చెట్లకు బదులు జంటజెండాలు పాతుడు, ప్రతి జంటను దాటినాడా లేదా యన్నది చూడుడు, గడియారము చూడుడు, అంతే. ఎట్లు తిరిగినాడన్నది వాని ఇష్టము. తీర్పరి కన్ను, వాని అభిమానము, వాని బడి, ఇవన్నియు ఆ నియమముతో పందెమునుండి తొలగిపోయినవి. మామా, ఊరివాడు దొరను ఓడింపగలిగినది ఈ నియమమువలననే.

మఱియొకటి. ఈ నియమము కట్టినవాడు స్వయముగ కుంటివాడు. 1909లో వేల్సు దేశమున కాడెర్ ఇద్రిస్ కొండ యెక్కుచు జారిపడి కాలు నుజ్జుచేసికొనెను. ఆ కాలు మిగిలిన జీవితమంతయు రెండవదానికంటె పొట్టిగనే యుండెను, గాయము ఏండ్లతరబడి మానలేదు. అందమైన మలుపు ఆ కాలికి అసాధ్యము. అందమునకు మార్కులు వద్దు, చేరినవాని కాలమును లెక్కింపుడని అట్టివాడు వాదించుటలో నాకు గొప్ప న్యాయము కనబడుచున్నది. ఆ వాదనను ఆయన సులభముగ గెలువలేదు. స్కీ ఆటకు పుట్టినిల్లగు నార్వేవారు, దూకుడును దూరపు పరుగును తప్ప కొండదిగుడు పందెములను గౌరవింపలేదు. తన సంపాదకత్వమున వెలువడు బ్రిటిష్ స్కీ వార్షికసంచికలో ఏటేట వ్రాసి, సభలలో వాదించి, చివరకు 1930లో ఆస్లో నగరమున కూడిన అంతర్జాతీయ స్కీ సంఘముచేత డౌన్‌హిల్, స్లాలం రెండింటిని ఒప్పించెను.

మామ: నియమము సంగతి బాగుగ చెప్పితివి, అది నాకు కొత్త. కాని నియమము పుస్తకములో ఉండును, మనుష్యుడు కొండమీద ఉండవలెను. ఆ కొండమీదికి ఎవని పోనిచ్చిరన్నది నా ప్రశ్న. ఆర్నాల్డ్ తండ్రి హెన్రీ లన్ సంగతి చెప్పెదను, వినుము. ఆయన మన మెదకువారికి పూర్తిగా పరాయివాడు కాడు, అందుచేతనే ఆయన కథ నాకు ఎక్కువ బాధ కలిగించును. ఆయన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1887లో మద్రాసు రాజధానికి వచ్చి, ఆరోగ్యము చెడి, ఎంతోకాలము నిలువక మరలిపోయెను. పోయిన పిమ్మట ఒక గట్టి వివాదమును లేవదీసెను: భారతదేశమున మిషనరీలు బంగళాలలో సుఖముగ బ్రతుకుచున్నారు, జనులకు దూరమైనారు, పేదవాని నడుమ పేదవానివలె ఉండనివాని బోధ ఎవని హృదయమునకును తాకదు, అని. ఎంత గొప్ప మాట! ఆ మాట అన్నందులకు తన సంఘముతో చెడి, పదవిని విడిచెను. అట్టివాడు తరువాత ఏమి చేసెను? 1892లో గ్రిండెల్‌వాల్డున భిన్నసంప్రదాయముల క్రైస్తవులను ఒకచోట కూర్చుటకు సభలు పెట్టెను. ఆ సభలకు ప్రయాణపు ఏర్పాట్లు చేయుటతో మొదలై, ఆ పనియే వ్యాపారమాయెను. వ్యాపారము శీతకాలపు విహారములకు తిరిగెను. తుదకు పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్బని ఒకటి పెట్టి, పేరుగల ఆంగ్లేయ విద్యాలయములలో చదివినవారును, విశ్వవిద్యాలయములవారును, సైన్యాధికారులును తప్ప తక్కినవారికి ప్రవేశము లేకుండ, ఋతువంతయు హోటళ్ళను వారి కొఱకే పట్టి యుంచెను. మ్యూరెన్ రైలును శీతకాలమున నడుపుడని స్విస్సువారిని ఒప్పించినదియు ఆయనయే. 1910 శీతకాలముతో ఆ కొండపల్లె దొరల విడిదియైనది. మిషనరీల సుఖమును నిందించినవాడు ధనికులకు సుఖమును అమ్మినాడు, అల్లుడా!

ఇటు చూడుము. అదే సంఘము పంపగా 1895లో నిజాము రాజ్యమునకు వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదకులో నిలిచిపోయెను. కరవు రోజులలో పని చూపి కూడు పెట్టుచు 1914లో ఆయన మొదలిడిన మెదకు క్రైస్తవ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమాయెను. నేనెన్నిమారులు ఆ గుడిలోనికి పోయినను, ఆ బూడిదరంగు రాతిగోడను చేతితో తడవి, ఇది ఎవరి కూలితో లేచినదో తలపోయక వెలుపలికి రాలేదు. ఆ సంవత్సరమే, అదే 1924లో, మ్యూరెన్‌లో కాందహార్ క్లబ్బు పుట్టినది. ఒకే సంఘమునుండి బయలుదేరినవారి పనులు ఒకే సంవత్సరమున ఇట్లు రెండు తావుల ఫలించినవి. నేను చరిత్ర చెప్పువాడనైతిని గనుక, మెదకు జిల్లా పిల్లలకు ఏది చెప్పవలెనో నాకు సందేహము లేదు.

మామగారి యీ మాటలకు నేను నిశ్చేష్టుడనైతిని. ఈ రెండు తేదీలను ఒకచోట చేర్చినవారిని నేను వేఱెచ్చటను చూడలేదు.

అల్లుడు: తండ్రి క్లబ్బు తలుపులు మూసినమాట నిజమే. కాని కొడుకు కట్టిన నియమము ఆ తలుపులను మూసియుండనీయలేదు. వాల్టర్ ఆమ్‌స్టుట్జ్ అనువాడు మ్యూరెన్ పల్లెలో పుట్టిన స్విస్సు యువకుడు. దొరల పందెములను చూచుచు పెరిగి, తానును దిగి, లన్‌కు ఆప్తుడై, 1924లోనే స్విస్ విశ్వవిద్యాలయ విద్యార్థుల స్కీ సంఘమును స్థాపించెను. 1925లో మ్యూరెన్‌లోనే ఆంగ్ల, స్విస్ విద్యార్థులకు తొలి పందెము జరిగెను. 1928 జనవరిలో షిల్ట్‌హార్న్ శిఖరమునుండి లాటర్‌బ్రునెన్ లోయ దాక ‘ఇన్‌ఫర్నో’ అను దీర్ఘమైన పందెమును 17 మంది ఆడిరి; గెలిచిన హెరాల్డ్ మిచెల్‌కు గంటా 12 నిమిషములు పట్టినవి. అది ఇంకను ఆంగ్లేయుల ఋతువు. మఱి మూడేండ్లకు, 1931 ఫిబ్రవరిలో, అదే మ్యూరెన్‌లో తొలి ప్రపంచ పోటీలు జరుగగా పురుషుల డౌన్‌హిల్ వాల్టర్ ప్రాగర్‌కును, స్లాలం డేవిడ్ జోగ్‌కును దక్కినవి; ఇరువురును స్విస్సువారే. దొరలు నియమము కట్టిరి, కొండవారు గెలిచిరి. అందమునకు మార్కులు వేయు పద్ధతియే ఉండియుండిన ఇది ఇంత త్వరగ జరిగెడిదా?

స్త్రీల సంగతి చెప్పనిండు. మ్యూరెన్‌లో స్త్రీల స్కీ సంఘము 1923లోనే పుట్టినది. 1931 పోటీలలో స్త్రీలకును డౌన్‌హిల్, స్లాలం పెట్టిరి. రెండింటిని గెలిచినది ఎస్మే మెకిన్నన్, పదునేడేండ్ల బాలిక. నార్వేవారి దూరపు పరుగున స్త్రీలకు ఒలింపిక్ ప్రవేశము 1952 దాక లేదు. కొండదిగుడున 1936లోనే కలదు. నా తరగతిలో అమ్మాయిలే ఎక్కువ, మామా. వారికి ఈ మాట చెప్పకుండ నేనెట్లుందును?

మామ: 1936 అంటివి గనుక అచ్చటనే ఆగుము. ఆ యేట జర్మనీలోని గార్మిష్‌లో ఒలింపిక్స్ జరిగినపుడు స్కీ నేర్పి జీతము తీసికొనువాడు వృత్తిజీవి యని చెప్పి పందెమునుండి వెలివేసిరి. స్విస్సు, ఆస్ట్రియాల మేటి పందెగాండ్రలో పెక్కుమంది కొండపల్లెల బోధకులే. ఆ కారణమున వారు ఆ పోటీలకు దూరమైరి. గడియారము ఎవని ముఖమును చూడదంటివి. మంచిదే. కాని గడియారము దగ్గఱకు రానిచ్చునది నియమము కాదు, నియమము వ్రాయు సంఘము. కూటికొఱకు ఆట నేర్పువాడు అనర్హుడు, కూటి చింత లేనివాడు అర్హుడు! బడిలో జీతము తీసికొని ఆట నేర్పు నీవు ఆనాడు అచ్చట ఉండియుండిన నిన్నును బయటనే నిలిపెడివారు.

అల్లుడు: నిలిపెడివారు. ఆ నియమము అన్యాయమని ఒప్పుకొనుచున్నాను. దానికి నా వద్ద సమర్థన లేదు. కాని లన్‌ను దానితో కట్టివేయకుడు. ఆర్ల్‌బర్గ్ బోధకులకు గురువైన హానెస్ ష్నైడర్‌తో కలిసి 1928లో సాంక్ట్ ఆంటోన్‌లో ఆర్ల్‌బర్గ్-కాందహార్ పందెమును నెలకొల్పినవాడు లన్. అందు కొండసీమ పేరును దొరల క్లబ్బు పేరును పక్కపక్కన నిలిచినవి. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి ష్నైడర్‌ను బంధింపగా, లన్ ఆ యేటి పందెమును రద్దుచేసెను. వచ్చినవారందఱు సిద్ధముగ నుండగా, ఒక బోధకుని కొఱకు పందెమును ఆపినవాడు ఆయన.

మామ: ఆ పని మంచిది. నాకది తెలిసియున్నది, దానిని గౌరవించుచున్నాను. ఆయన కొడుకు పీటర్, 1936లో బ్రిటిష్ జట్టునకు నాయకుడై యుండియు, హిట్లర్ ఎదుట జరుగు ప్రారంభ ప్రదర్శనములో నడువలేదు; అదియు గౌరవింపదగినదే. వారు చెడ్డవారని నేననలేదు. వారి ఆటకు కావలసిన ధనము మన పిల్లలకు లేదంటిని. మన దేశములో మాత్రమేమి? గుల్‌మర్గులో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా 1927లో పుట్టినది, ఆంగ్లేయుల చేతులలోనే. 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో భారతదేశము తరఫున తొలిసారి డౌన్‌హిల్ దిగిన జెరెమీ బుజకోవ్‌స్కీ ఐరోపాలో పుట్టి అమెరికాలో చదివినవాడు. దశాబ్దములు గడచెను, ఎవరు వచ్చిరి?

అల్లుడు: వచ్చిరి, మామా. 2018లో టర్కీలో జరిగిన అంతర్జాతీయ పోటీలో మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ స్లాలంలో కంచు గెలిచినది. స్కీలలో అంతర్జాతీయ పతకము మన దేశమునకు అదియే మొదటిది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో గుల్‌మర్గు ప్రాంతపువాడు ఆరిఫ్ ఖాన్ జయింట్ స్లాలమును ముగించి 45వ స్థానమున నిలిచెను. వీరు దొరబిడ్డలు కారు. మ్యూరెన్ పల్లెలో ఆమ్‌స్టుట్జ్ ఎట్లు ఎదిగెనో, మన కొండపల్లెలలో వీరట్లే ఎదిగిరి.

మామ: కొండపల్లెలలో! అదియే నా మాట. మనాలీలో పుట్టినది గనుక ఆంచల్ స్కీలు తొడిగినది. శంకరంపేటలో పుట్టియుండిన?

అల్లుడు: నిజామాబాదు జిల్లా పాకాలలో మాత్రము మంచు కురియునా? ఆ ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కినది. గురుకులములో చదువుకొనిన గిరిజన బాలిక. ఆమెకు కొండ యెక్కుట నేర్పిన తొలి కొండ హిమాలయము కాదు, మన భువనగిరి బండ. తరువాతనే డార్జిలింగ్ శిక్షణ, ఆపైన ఎవరెస్టు. మంచు తెలియని పిల్లకు మంచు పనికిరాదనుట ఆమె పిమ్మట ఎవరికిని చెల్లదు. మొదటిమెట్టు మన యెండలో, మన రాతిమీదనే ఉన్నది.

మామ: ఆమె నాకును గర్వకారణమే. కాని ఆమెను భువనగిరినుండి డార్జిలింగునకు పంపినదెవరు? గురుకుల సంస్థ, అనగా ప్రభుత్వము. త్రాడు, బూట్లు, గుడారము, ప్రయాణము అన్నిటికిని ఎవరో పూనుకొనిరి. నీవు చెప్పు కథలో ఆ పూనిక హెన్రీ లన్‌ది. అది టిక్కెట్టు కొనగలవారి కొఱకే. పిల్లలకు లన్ కథ చెప్పుము, వద్దనను. కాని రెండును చెప్పుము. తీర్పరిని తొలగించిన కొడుకును చెప్పుము, తలుపు మూసిన తండ్రిని చెప్పుము. కాందహార్ పేరు వచ్చినచోట 1880లో అచ్చట జరిగినదియు చెప్పుము. పందెమునకు పోదగిన పిల్ల నీ తరగతిలో ఒకతె తేలినయెడల, ఆమె ప్రయాణమునకు డబ్బు కావలెనని జిల్లా అధికారులకు అర్జీ వ్రాయుము. నేనును వ్రాలు చేసెదను.

అల్లుడు: 1880 సంగతి నాకంటె మీరే బాగుగ చెప్పగలరు, ఆ పాఠము మీదే. అర్జీ విషయమున మనకు భేదమే లేదు, మామా. కాని తండ్రికథను మొదట చెప్పను. మొదట మలుపు నేర్పుదును. అది కాలికి పట్టువడిన పిమ్మట క్లబ్బు సంగతి చెప్పుదును. తలుపు మూసియున్నదని ముందే వినిన పిల్ల దానిని తట్టనే తట్టదు.

ఈ క్రమమునకు మామగారు సమ్మతింపలేదు. చరిత్ర మొదటనుండియే చెప్పవలెననియు, మూసిన తలుపు సంగతి ముందు తెలిసినవాడే దానిని గట్టిగా తట్టుననియు ఆయన పట్టుపట్టెను. ఆ విషయమున ఇరువురును నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.